"పాత సర్వర్ నడుస్తుంటే కొత్తది దండగ" అనే మెసేజ్‌కి నా జవాబు

నెల రోజులుగా భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. రైస్ మిల్లు వాళ్లు, రొయ్యల మేత డీలర్లు, ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు ఒకరికొకరు పంపుకుంటున్నారు. అందులో ఉన్నది ఇదీ: పదేళ్లుగా ఆపకుండా నడుస్తున్న సర్వర్ (ఆఫీసు కంప్యూటర్లన్నీ వాడుకునే ఖాతాలు, ఫైళ్లు ఉండే కంప్యూటర్) జోలికి వెళ్లొద్దు, కరెంటు ఆదా అనేది అమ్మేవాళ్ల మాట, కొత్తవాటికి పెద్ద పవర్ సప్లై (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె) ఉంటుంది కాబట్టి అవే ఎక్కువ కరెంటు లాగుతాయి, స్లో అయితే ర్యామ్ (నడుస్తున్న పనిని పట్టి ఉంచే మెమరీ) వేస్తే చాలు, గదిలో ఏసీ మాత్రం 18లో ఉండాలి. నేను సర్వర్లు అమ్మను, ఈ మిల్లుల్లో, ఆఫీసుల్లో ఉన్నవాటిని బాగుచేస్తాను. ఈ మెసేజ్ నమ్మి నాకు కావలసినవాళ్లే డబ్బు పోగొట్టుకుంటున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

"చెరువు మీద పది ఏరేటర్లు తిప్పేవాడికి సర్వర్ కరెంటు ఒక లెక్కా?" అని కూడా అందులో ఒక మాట ఉంది. లెక్కేనండి. ఏరేటర్ అంటే చెరువు నీళ్లకి గాలి అందించే యంత్రం, 2 హెచ్‌పీది అయితే సుమారు 1.5 కిలోవాట్లు, ఐదు గంటలు తిరిగితే ఏడున్నర యూనిట్లు. 300 వాట్లు లాగే పాత సర్వర్ ఒక రోజులో 7.2 యూనిట్లు కాలుస్తుంది. ఏరేటర్ని అవసరం చూసుకుని ఆపుతారు, సర్వర్‌ని సంక్రాంతి మూడు రోజులు కూడా ఆపరు, కాబట్టి ఏడాదికి 2,628 యూనిట్లు. యూనిట్ పది రూపాయలు అనుకుంటే (మీ బిల్లులో ఉన్న రేటు వేసుకోండి) 26 వేలు. చెరువు మీటరుకి వచ్చే రాయితీ ఆఫీసు మీటరుకి రాదు. పైగా సర్వర్ లాగిన ప్రతి వాటూ చివరికి వేడిగా మారి ఆ గదిలోనే తేలుతుంది, ఆ వేడిని బయటికి పంపడానికి మామూలు ఏసీకి దానిలో దాదాపు మూడో వంతు కరెంటు కావాలి. అక్కడికి 35 వేలు. యూపీఎస్‌లో పోయేది ఇందులో కలపలేదు.

రాత్రంతా ఖాళీగానే ఉంటుంది కదా, అప్పుడేం లాగుతుంది అంటారు కొందరు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లూయిజ్ బరోసో, ఉర్స్ హోల్జ్‌లే ఇదే విషయం మీద వ్యాసం రాశారు. సర్వర్లు ఎక్కువ సమయం 10 నుంచి 50 శాతం లోడు మధ్యే ఉంటాయని, పనేమీ లేనప్పుడు కూడా పూర్తి లోడులో లాగే కరెంటులో సగం దాకా లాగుతూనే ఉంటాయని చెప్పారు. మిల్లు ఆఫీసు తలుపు వేశాక సర్వర్ చేసే పని ఏముంటుంది? బ్యాకప్ ఒక్కటే. బిల్లు మాత్రం తెల్లవార్లూ కడుతున్నాం.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. కొత్తది కొన్నంత మాత్రాన బిల్లు తగ్గదు. పదిమంది పనిచేసే ఆఫీసుకి రెండు ప్రాసెసర్ల భారీ మెషీన్ అంటగడితే అది ఖాళీగా ఉన్నప్పుడే పాతదానంత లాగొచ్చు. అలాగే 200 వాట్ల మెషీన్ ఒకటి తీసేసి 100 వాట్లది పెడితే ఏడాదికి మిగిలేది 876 యూనిట్లు, కరెంటు లెక్క ఒక్కటే చూసుకుంటే దాని ధర ఎన్నేళ్లకో గాని రాదు. అసలు లాభం చాలా ఆఫీసుల్లో ఉన్న మూడు నాలుగు పాత డబ్బాలను ఒక్కదాంట్లోకి తేవడంలో ఉంది. ఖాతాలు రాసే టాలీకి ఒకటి, లారీలు తూచే వేబ్రిడ్జికి ఒకటి, హాజరుకి ఒకటి, ఒక్కోటి 250 వాట్లు లాగుతుంటే మొత్తం 750. ఒకే ప్రాసెసర్ ఉన్న ఒక కొత్త సర్వర్ మీద హైపర్-వీ లాంటి సాఫ్ట్‌వేర్ వేసి, ఈ మూడింటినీ వర్చువల్ మెషీన్లుగా (ఒకే కంప్యూటర్ లోపల వేర్వేరు కంప్యూటర్లలా) పెట్టి, అది 130 వాట్లలో నడిచిందనుకోండి, ఏడాదికి 5,400 యూనిట్ల పైనే మిగులుతాయి. ఏసీ ఆదా అదనం. అయితే మూడూ ఒకే చోట ఉంటాయి కాబట్టి బ్యాకప్ వేరే మెషీన్‌లో కచ్చితంగా ఉండాలి, అందులో రాజీ పడొద్దు.

పవర్ సప్లై మాట పూర్తిగా తప్పు. దాని మీద రాసిన 800 వాట్లు అది ఇవ్వగలిగిన గరిష్ఠం, లాగేది కాదు. బండి ట్యాంకు పెద్దదైతే పెట్రోలు ఎక్కువ తాగుతుందా? చూడాల్సింది 80 ప్లస్ గుర్తు, కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పేది అదే. అందులో టైటానియం రకం పదో వంతు లోడులో కూడా కనీసం 90 శాతం సామర్థ్యం చూపాలి. మన సర్వర్లు రోజంతా ఉండేది తక్కువ లోడులోనే, పాత పవర్ సప్లైలు ఎక్కువ వృథా చేసేదీ అక్కడే.

ర్యామ్ సంగతి సగం నిజం. ర్యామ్ నిండిపోతుంటే వేయాల్సిందే. కానీ దాళ్వా (రబీ) ధాన్యం దిగే రోజుల్లో బయట లారీలు బారులు తీరి, లోపల ట్రక్ షీట్లు, కాటా ఎంట్రీలు, బిల్లులు ఒకేసారి పడుతున్నప్పుడు సర్వర్ నత్తనడక నడిచిందంటే నేను చూసినంతలో ఎక్కువసార్లు కారణం డిస్కే. 7,200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క వెతికే పనిలో సెకనుకు వంద సార్లకు అటూ ఇటూగా చేయగలదు, తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్ ఎస్ఎస్‌డీ పదివేల సార్లు దాటుతుంది. నాలుగైదేళ్ల సర్వర్ అయితే మొత్తం మార్చొద్దు, సర్వర్ల కోసం చేసిన ఎస్ఎస్‌డీ వేయించండి, చాలామంది టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

ఏసీ 18 అక్కర్లేదు. సర్వర్ గదుల చల్లదనానికి ప్రమాణాలు పెట్టే ఆష్రే సంస్థ, సర్వర్ లోపలికి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండొచ్చని చెబుతోంది. 24లో పెట్టి చల్లగాలి సర్వర్ ముందు వైపుకి తగిలేలా చూడండి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, గది మరీ చల్లగా ఉన్నప్పుడు తలుపు తీస్తే చెమ్మ పట్టే ప్రమాదం కూడా ఉంది. మిల్లుల్లో అయితే ఊక దుమ్ము చూసుకోండి. దుమ్ము అడ్డుపడితే ఫ్యాన్లు వేగం పెంచుతాయి, ఫ్యాన్ వేగం రెట్టింపైతే అది లాగే కరెంటు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది.

మీ సర్వర్ ఎన్ని వాట్లు లాగుతోందో తెలుసుకోవడం కష్టం కాదు. సర్వర్ స్థితి చూపించే పేజీ (డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐఎల్ఓ) తెరిస్తే చాలావాటిలో కనిపిస్తుంది. లేదంటే ప్లగ్గుకి పెట్టే చిన్న మీటరు కొనండి. వారం రోజులు రాసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

చివరిది, "పదేళ్లుగా ఆపకుండా నడుస్తోంది" అన్న గొప్ప. ఆ వయసు సర్వర్లలో నాకు ఇంకా కనిపించేవి విండోస్ సర్వర్ 2008 ఆర్2, 2012 ఆర్2. మొదటిదానికి 2020 జనవరిలో, రెండోదానికి 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇక ఆపకుండా నడిచిందంటే, ఆపితే మళ్లీ లేస్తుందో లేదో ఎవరికీ తెలియదనే అర్థం. 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి ఒక మేత డీలరు ఆఫీసులో యూపీఎస్ బ్యాటరీ అయిపోయి సర్వర్ ఆగింది. కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే రెండు డిస్కులు తిరగలేదు. బ్యాకప్ ఉందనుకున్న పెన్‌డ్రైవ్‌లో చివరి ఫైలు ఆగస్టుది. రెండు నెలల ఖాతాలు, ఏ రైతు ఎంత మేత తీసుకెళ్లాడో ఎంత బాకీ ఉన్నాడో, బిల్లు పుస్తకాల కార్బన్ కాపీలు ముందేసుకుని ఆ ఇంట్లోవాళ్లందరూ కూర్చుని మళ్లీ ఎక్కించారు. పదకొండు రోజులు పట్టింది.