హోల్డాన్ చెప్పేవాడు లేని బస్సు

బస్సుకి డ్రైవర్ ఎందుకు? ఈ ప్రశ్న మన ఆర్టీసీలో అడిగితే డిపో మేనేజర్ మెమో ఇస్తాడు. ఫ్రాన్సులో అడిగితే పెట్టుబడి ఇస్తారు.

అలా పెట్టుబడి దొరికిన కంపెనీ పేరు నావ్యా. లియాన్ నగరాన్ని ఆనుకుని ఉన్న విల్యూర్‌బాన్‌లో 2014లో పుట్టింది. అంతకుముందు ఇండక్ట్ అనే కంపెనీ ఇలాగే డ్రైవర్ లేని బండి చేసి, అదే ఏడాది చేతులెత్తేసింది. ముందువాడు మునిగిన రేవులోనే దిగాలంటే గుండె ధైర్యం కావాలి. దిగినాయన క్రిస్టాఫ్ సాపే, ఒకప్పుడు ఇన్ఫోగ్రామ్స్ అనే వీడియో గేముల కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

2015 అక్టోబరులో ఆర్మా అనే బండి బయటికొచ్చింది. కరెంటు బండి. పదకొండు మంది కూర్చుని, నలుగురు నిలబడొచ్చు (మన షేర్ ఆటో దీన్ని సవాలుగా తీసుకుంటుంది). స్టీరింగ్ లేదు, బ్రేకు పెడల్ లేదు, డ్రైవర్ సీటు అసలే లేదు. లేజర్ కిరణాలతో దూరం కొలిచే లైడార్లు, కెమెరాలు, జీపీఎస్ అన్నీ కలిసి దారి చూసుకుంటాయి. అయినా లోపల కంపెనీ తరఫున ఒక మనిషి నిలబడేవాడు. డ్రైవర్ అంటే పరువు పోతుంది కాబట్టి అతన్ని అటెండెంట్ అన్నారు.

2016లో స్విట్జర్లాండ్‌లోని సియోన్ అనే ఊళ్లో ఈ బండ్లు జనాన్ని ఎక్కించుకుని తిరిగాయి. సెప్టెంబరులో ఒకటి, ఆగి ఉన్న వ్యాను వెనక తలుపు తెరిచి ఉంటే దానికి తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. తెరిచి ఉన్న తలుపు చరిత్రలో చాలామందిని మోసం చేసింది, దీన్ని తప్పు పట్టలేం.

అసలు ఘట్టం లాస్ వేగస్‌ది. 2017 నవంబరు 7న కంపెనీ పారిస్‌లో స్టీరింగ్ లేని రోబో టాక్సీని ఆవిష్కరించి చప్పట్లు కొట్టించుకుంది. మర్నాడు వేగస్‌లో ఆర్మా షటిల్ ప్రారంభం. కార్ల రేసుల డానికా పాట్రిక్, ఇంద్రజాలికులు పెన్, టెల్లర్ వచ్చి మరీ ఎక్కారు. కిలోమీటరు కూడా నిండని చుట్టు. అదే రోజు మధ్యాహ్నం ఒక సరుకుల ట్రక్కు సందులోకి రివర్స్ చేస్తోంది. షటిల్ చూసింది, చూసి బుద్ధిగా ఆగింది. ట్రక్కు వస్తూనే ఉంది. షటిల్ ఆగే ఉంది. ముందుభాగం గీరుకుపోయింది. ఆగమని నేర్పారు, అది ఆగింది. వెనక్కి జరగమని ఎవరూ నేర్పలేదు పాపం.

తప్పు ట్రక్కు డ్రైవర్‌దని పోలీసులు చలానా రాశారు. కానీ అమెరికా రవాణా భద్రత మండలి 2019 నివేదికలో ఇంకో ముక్క రాసింది. అటెండెంట్ వెంటనే బండిని తన చేతిలోకి తీసుకునే స్థితిలో లేకపోవడం కూడా ఒక కారణమట. చేత్తో నడిపే సాధనం పక్కనే ఒక అరలో భద్రంగా ఉంది. చూడ్డానికి అచ్చం వీడియో గేము ఆడే డబ్బాలా ఉంటుంది. గుర్తుంచుకోమన్నది ఇందుకే.

మా ఊరి ఆఖరి స్టాపులో బస్సు వెనక్కి తిప్పుకునేటప్పుడు కండక్టర్ దిగి, చంకలో టికెట్ల సంచి సర్దుకుని, "రానీ... రానీ... రానీ..." అంటూ నడిచేవాడు. డ్రెయిన్ జానెడు దూరంలో ఉందనగా "హోల్డాన్!" అని రేకు మీద రెండు చరుపులు. ఆ రెండు చరుపుల్లో లైడార్, కెమెరా, జీపీఎస్ మూడూ ఉండేవి. పేటెంట్ తీసుకోలేదు, అమాయకుడు.

2018 జూలైలో నావ్యా ఏడు యూరోల చొప్పున షేర్లు అమ్మింది. ఏడాదికి మూడు కోట్ల యూరోల అమ్మకాలన్నారు. డిసెంబరుకల్లా అంత లేదు, రెండు కోట్లలోపే అన్నారు. సాపే దిగిపోయాడు. మరుసటి ఏడాది రోబో టాక్సీని అటకెక్కించి, ఇకమీదట మేం బండ్లు అమ్మం, బండి మెదడు అమ్ముతాం అన్నారు. మెదడు అమ్ముకునే స్థితికి రాకముందే ఎవరైనా కాస్త వాడి చూడాల్సింది.

2023 మొదట్లో కంపెనీ అప్పులు తీర్చలేక కోర్టుకెక్కింది. అప్పటికి షేరు విలువ సెంట్లలో ఉంది. ఏప్రిల్‌లో ఫ్రాన్సు గోసాన్, జపాన్ మాక్నికా కంపెనీలు కలిసి కొనుక్కుని గామా అని పేరు పెట్టాయి. మరుసటి ఏడాది గోసాన్ కూడా కోర్టుకెక్కడంతో మాక్నికా మిగిలింది. ఈ బండిని ముట్టుకున్న కంపెనీలన్నిటికీ వరసగా శాంతి చేయించాల్సింది.

ఇంతా చేసి బండి పూర్తిగా పనికిరాలేదా అంటే, వచ్చింది. జపాన్‌లో ఇబరాకి ప్రాంతంలో సకాయ్ అనే చిన్న ఊరుంది, జనాభా పాతికవేలకు అటూఇటూ. రైలు సౌకర్యం లేని ఊరు. 2020 నవంబరు నుంచి ఆర్మా బండ్లు అక్కడ ఎండావానల్లో మెల్లగా తిరిగాయి, ముసలివాళ్లు సంచులతో ఎక్కి దిగారు.

లోపల ఒక మనిషి నిలబడే ఉన్నాడు. ఈసారి ఆ గేము డబ్బా అరలో కాకుండా చేతికి అందేలా పెట్టుకునే ఉంటాడని నా నమ్మకం.