హైవే మీద బిందెల వరస

సంక్రాంతి ఎప్పుడొస్తుందో ఆర్టీసీకి తెలుసు. ముందే స్పెషల్ బస్సుల లెక్క ప్రకటిస్తుంది. రైల్వేకి తెలుసు. పంతంగి టోల్‌గేటు వాళ్లకి తెలుసు, ఆ నాలుగు రోజులూ బెజవాడ వైపు గేట్లు ఎక్కువ తెరుస్తారు. భీమవరం కోళ్లకి కూడా తెలుసు, పాపం. బాదంపప్పు పెట్టడం మొదలుపెట్టిన రోజే వాటికి అనుమానం వచ్చి ఉంటుంది.

తెలియనిది ఒక్కరికే. హైవే మీద కార్లకి కరెంటు అమ్మేవాళ్లకి. సూర్యుడు మకరరాశిలోకి ఏటా చెప్పాపెట్టకుండా దూకేస్తున్నాడని వాళ్ల ఫిర్యాదు.

ముందుగా నా నేరం ఒప్పుకుంటాను. ఆకుపచ్చ నంబరు ప్లేటు బండి, అంటే కరెంటు కారు, కొన్నాను. కొనేటప్పుడు ఎంత మర్యాద చేశారని! జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబరు ఆఖరు దాకా రోడ్డు ట్యాక్సు లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. ఇంత ముద్దు చేస్తుంటే కాదనడానికి మనసెలా వస్తుంది? ఆ బండికి బయట చార్జింగ్ పెట్టిన ప్రతిసారీ మాత్రం జీఎస్టీ 18 శాతం. ఆవును దానమిచ్చి గడ్డి మీద పన్ను వసూలు చేయడమనే ఈ పద్ధతి ఏ స్మృతిలో ఉందో పండితులు చెప్పాలి.

ఊళ్లో తిరిగినంతకాలం నాకే కష్టమూ లేదు. రాత్రి అపార్ట్‌మెంటు సెల్లార్లో వైరు తగిలిస్తే తెల్లారేసరికి బండి నిండుకుండ. పెట్రోలు బావమరిదిని చూసి జాలిపడుతూ రెండేళ్లు హాయిగా బతికాను. ఒక్కసారి నింపితే కాగితం మీద నాలుగొందల యాభై కిలోమీటర్లు, రోడ్డు మీద మూడొందలు. మూడొందలంటే కూకట్‌పల్లి నుంచి బెజవాడ దాటుతుంది కదా అనేది మగవాళ్ల లెక్క. తణుకు పక్కన మా ఊరు నాలుగొందల చిల్లర అనేది మా ఆవిడ లెక్క. మధ్యలో ఒకచోట అరగంట ఆగితే సరి అనేది ఫోన్లోని చార్జింగ్ అప్లికేషన్ లెక్క.

భోగికి ముందురోజు సాయంత్రం బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా పిన్ని. పిన్నికి అరవై ఎనిమిదేళ్లు. ఆవిడ గురించి తర్వాత చెప్తాను, ఈ వ్యాసానికి ఆవిడే నాయిక.

పంతంగి దగ్గర గంటన్నర నిలబడ్డాం. చుట్టూ డీజిలు బండ్లు నిలబడ్డచోటే గుర్రుగుర్రుమంటూ నూనె తాగుతున్నాయి. మా బండి మాత్రం చప్పుడు చేయకుండా, ఒకటో రెండో పర్సెంటు ఖర్చుపెట్టి, ధ్యానంలో కూర్చున్నట్టు కూర్చుంది. అద్దం దించి పక్క బండివాడి వైపు కొంచెం చిరునవ్వుతో కూడా చూశాను. ఆ పాపం నాకు సూర్యాపేట దాటగానే తగిలింది.

సూర్యాపేట దాటాక మొదటి చార్జరు. ఫోన్లో పచ్చ చుక్క, 'అందుబాటులో ఉంది' అని. నిజమే, ఉంది. రెండు చేతులూ కిందికి వేలాడేసుకుని, తెర ఆరిపోయి, అందుబాటులో నిలబడి ఉంది. సర్వర్ డౌన్ అట. రెండోది బ్రహ్మాండంగా పనిచేస్తోంది, కాకపోతే దాని ముందు ఒక పెట్రోలు బండి పార్కు చేసి ఉంది, యజమాని లోపల బిర్యానీ ముందు పార్కు చేసి ఉన్నాడు. ప్లేటు మధ్యలో లేవనన్నాడు. అన్నం దగ్గర మనిషిని లేపడం మన సంప్రదాయం కాదు కాబట్టి ముందుకు కదిలాం.

మూడోది కోదాడ దాటాక, ఒక హోటలు వెనకాల. అప్పటికి మాకు మిగిలింది 38 పర్సెంటు, పోవాల్సింది రెండొందల పైచిలుకు కిలోమీటర్లు. అక్కడ ఒక మిషను, దానికి బండికి తగిలించే రెండు గన్నులు, పదకొండు బండ్లు.

ఇక్కడ కాస్త గణితం. మిషను మీద 60 కిలోవాట్లు అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. రెండు గన్నులూ పెడితే తలా ముప్పై అని రాసి ఉండదు. నలభై యూనిట్ల బ్యాటరీని ఇరవై నుంచి ఎనభైకి తేవాలంటే ఇరవై నాలుగు యూనిట్లు కావాలి, అంటే ఒక్కో బండికి ముప్పావు గంట, ఓటీపీ వస్తే. జతలు జతలుగా పదకొండు బండ్లు అయ్యేసరికి నాలుగున్నర గంటలు. మామూలు రోజున హైదరాబాదు నుంచి బెజవాడ పోయి, కాళ్లు కడుక్కుని కాఫీ తాగేంత టైము.

ఓటీపీ రాదు. సెల్ టవరు మీద కూడా సంక్రాంతి రద్దీయే. ఒక్కో కంపెనీకి ఒక్కో అప్లికేషను, ఒక్కో అప్లికేషనుకి ఒక్కో పర్సు, ప్రతి పర్సులోనూ ముందే డబ్బులు పోసి ఉంచాలి. నా ఫోన్లో అలాంటివి ఐదున్నాయి. పెట్రోలు బంకులో ముందు ఖాతా తెరిచి, పుట్టిన తేదీ చెప్పి, డిపాజిట్ కట్టాకే పైపు ముట్టుకోనిస్తామంటే మన జనం ఆ బంకును ఏం చేసేవారో ఊహించుకోండి. ఇక్కడ మాత్రం ఫోను పైకెత్తి, సిగ్నలు కోసం నక్షత్రాలు చూస్తూ పెరడంతా తిరుగుతున్నాం. దూరం నుంచి చూస్తే ఏదో తెగవాళ్లు చంద్రుణ్ని కొలుస్తున్నట్టుంది.

అసలు గొడవ వరస దగ్గరొచ్చింది. వరస అంటూ ఉంటే కదా. కొందరు ముందు నుంచి వచ్చారు, కొందరు వెనక నుంచి. ఒకాయన "నేను ఆన్‌లైన్లో స్లాట్ బుక్ చేశాను" అన్నాడు. ఇంకొకాయన "నేను గంట నుంచి ఇక్కడే ఉన్నా, నీ ఆన్‌లైన్ ఎవడికి కావాలి" అన్నాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, ఇరవై లక్షల బండ్లవాళ్లు. చొక్కా పట్టుకోవడానికి ఇంకో అడుగు దూరంలో ఉన్నారు.

అప్పుడు మా పిన్ని బండి దిగింది.

పిన్ని ఇరవై రెండేళ్లు బెజవాడ కృష్ణలంకలో ఒక సందులో కాపురముంది. ఆ సందుకంతటికీ ఒకటే మునిసిపల్ కుళాయి. నీళ్లు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి ఐదున్నరకి పోయేవి. ముప్పై ఇళ్లు, తొంభై బిందెలు. ఆ గంటన్నరని పాలించినవాళ్లకి దేశాన్ని పాలించడం ఒక లెక్కా?

"ఏంటి నాయనా గోల?" అంది. చెప్పాను. రెండే రెండు ప్రశ్నలు అడిగింది. ధార ఎంతసేపు వస్తుంది? రాత్రంతా అన్నాను. బిందె నిండటానికి ఎంతసేపు? చెప్పాను. "ఓస్, ఇంతేనా" అని చీర చెంగు నడుముకి దోపింది.

పది నిమిషాల్లో పెరట్లో రాజ్యం ఏర్పడింది. ప్రతి బండి నుంచీ ఒక చెప్పు పట్టుకొచ్చి మిషను ముందు వరసగా పెట్టించింది. ఒక్కటే. రెండోది యజమాని కాలికి ఉండాలి, "అప్పుడే మనిషి ఎక్కడికీ పోడు". ఇరవై లక్షల బండ్లకి ప్రతినిధులుగా పదకొండు ఒంటి చెప్పులు, వాటిలో ఒక క్రాక్స్, పెళ్లికొడుకు కోసం కొన్న ఒక జరీ జోడు సగం. స్లాట్ బుక్ చేసినాయనని "ఏ బుక్కులో రాశావు బాబూ, చూపించు" అంది. ఆయన ఫోన్ తీశాడు. సిగ్నల్ లేదు. ఆయన చెప్పు తొమ్మిదో స్థానానికి వెళ్లింది. చంటిపిల్లతో ఉన్న ఒకమ్మాయి చెప్పు మూడో స్థానానికి ఎక్కింది. ఎవరూ కిక్కురుమనలేదు.

ఇంతలో గన్ను తగిలించుకున్న మొదటి బండి సంగతి బయటపడింది. 91 పర్సెంటు. లోపల మహానుభావుడు సీటు వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఈ జాతి గురించి మీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. ఎనభై దాటాక బ్యాటరీ కరెంటు తాగడం తగ్గించేస్తుంది. అంతకంటే తోస్తే సెల్లులు దెబ్బతింటాయి కాబట్టి బండే గొంతు నొక్కుకుంటుంది. చివరి ఇరవైకి అంతకుముందు అరవైకి పట్టినంత సేపు పట్టినా ఆశ్చర్యం లేదు. అంటే ఈయన కల పూర్తయ్యేలోగా ఇంకో బండి పండక్కి బయల్దేరిపోవచ్చు.

నేనీ శాస్త్రమంతా పిన్నికి వివరించబోయాను. "బిందె మెడ దగ్గరికొచ్చేసరికి ధార సన్నం చేస్తాం కదరా, నాకు చెప్తావేంటి" అని వెళ్లి అద్దం మీద ఉంగరంతో కొట్టింది.

"బాబూ, బిందె నిండింది. తీయ్."

"ఇంకా తొమ్మిది పర్సెంటు ఉందండీ. డబ్బులు కట్టాను."

"డబ్బులు నీవే నాయనా. కుళాయి నీది కాదు."

తీశాడు. వెనక నుంచి ఎవరో చప్పట్లు కొట్టారు.

పన్నెండున్నరకి, ఒక పిల్లవాడు మిషనుకున్న ఎర్ర బొత్తాం, ప్రమాదమొస్తే కరెంటు ఆపేది, నొక్కాడు. పుట్టగొడుగులా గుండ్రంగా, ఎర్రగా, సరిగ్గా ఆరేళ్లవాడి ఎత్తులో పెట్టిన ఆ బొత్తాన్ని నొక్కని పిల్లవాడు ఉంటే వాణ్ని వైద్యుడికి చూపించాలి. రెండు గన్నులూ చచ్చాయి. హెల్ప్‌లైనుకి ఫోన్ చేశాం. మా కాల్ తమకు ఎంతో ముఖ్యమని పాట రూపంలో తెలియజేశారు. ఇరవై నిమిషాల పాట తర్వాత హిందీలో ఒక అబ్బాయి ఫిర్యాదు నమోదు చేసుకుని, 48 గంటల్లో ఇంజనీరు వస్తాడన్నాడు. మేమున్నది భోగి ముందు రాత్రి. ఇంజనీరు కనుమ నాటికి వస్తాడు. గారెలు తినడానికి కాబోలు.

అప్పుడు అందరూ కలిసి ఎవరి మీద పడ్డారో తెలుసా? హోటలు వాచ్‌మన్ మీద.

యాభై ఏళ్ల మనిషి. మఫ్లరు, చేతిలో కర్ర. "నాకేం తెల్వదు సారూ. నేను గేటు కాడ ఉండేటోణ్ని. ఆ మిషను పెట్టినోళ్లు పెట్టిన నాడే పోయిన్రు. మళ్లొక్కనాడు రాలే" అన్నాడు. జరీ జోడు ఆసామి ఆయన్ని నువ్వు, ఏరా అన్నాడు. తాళం చెవి లేదు, ఫోన్ నంబరు లేదు, ఆ పెట్టెను ముట్టుకునే హక్కు లేదు, దాని మీద వచ్చే రూపాయిలో పైసా లేదు. చలిలో తిట్లు మాత్రం ఆయన వాటా.

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకాదు, క్షమించండి. 2018 డిసెంబరులోనే కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ హైవేకి రెండు పక్కలా 25 కిలోమీటర్లకొక స్టేషను అని రాసింది. 2023 మార్చిలో మూడు ప్రభుత్వ చమురు సంస్థలకి 7,432 స్టేషన్ల కోసం 800 కోట్లు మంజూరు చేశారు. ఆ తర్వాత పీఎం ఇ-డ్రైవ్ అని ఇంకో పథకం, అందులో చార్జింగ్ కోసమే 2,000 కోట్లు. ప్రభుత్వమైనా ప్రైవేటైనా వేదికెక్కి చెప్పేదంతా ఎన్ని మంజూరు, ఎన్ని బిగింపు. ఈ రాత్రి ఎన్ని బతికున్నాయో చెప్పండయ్యా! రిబ్బను కత్తిరించడానికి వచ్చిన మనుషుల్లో పదోవంతు మందిని ఏడాదిలో ఆ నాలుగు రాత్రులు, స్క్రూడ్రైవరు ఇచ్చి, తెలుగొచ్చినవాణ్ని, మిషను పక్కన కూర్చోబెట్టలేరా? పచ్చ చుక్క అబద్ధమైతే జరిమానా ఎవరిది? నమ్మి పిల్లల్ని ఎక్కించుకుని వచ్చినవాడిదా? ఆ అర్ధరాత్రి మా అందరి కోపానికీ దొరికిన ఒకే ఒక్క బాధ్యుడు గేటు కాడి మనిషి. సిగ్గుగా ఉంది. ఆయన్ని తిట్టినవాళ్లలో నా గొంతు కూడా ఉంది కాబట్టి ఇంకా సిగ్గుగా ఉంది.

మిషన్ని బాగుచేసింది వరసలో ఏడో చెప్పు. ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాల ట్యాక్సీ డ్రైవరు. నిద్రలేచొచ్చి, జనాన్ని తప్పించుకుని, ఎర్ర బొత్తాన్ని కుడివైపుకి తిప్పాడు. టక్కున బయటికొచ్చింది. తెర వెలిగింది. "రోజూ నొక్కుతారండీ ఎవరో ఒకరు" అని పోయి మళ్లీ పడుకున్నాడు. నొక్కింది తిప్పితే వస్తుందన్న ఆ ముక్క అట్ట మీద రాసి అతికించడానికి ఏ పథకం కింద నిధులు కావాలో తెలియదు. పిన్ని అతని చెప్పు తీసి మొదట పెట్టింది.

ఒంటిగంటకి బావమరిది ఫోను. "ఎక్కడిదాకా వచ్చారు బావా? మేం ఏలూరు దాటేశాం." ఇంకా కోదాడే అన్నాను. "బ్యాటరీ బండి కదా, తోసుకుంటూ రండి, ఒంటికి మంచిది" అన్నాడు. పండగ మూడు రోజులూ ఈ ముక్క ఎన్నిసార్లు వినాల్సి వస్తుందో లెక్కేసి ఫోను పెట్టేశాను.

మా వంతు మూడు దాటాక వచ్చింది. సరిగ్గా ఎనభై దగ్గర పిన్నే స్వయంగా వచ్చి అద్దం మీద ఉంగరంతో కొట్టింది. బయల్దేరే ముందు ఆవిడ వాచ్‌మన్ని పిలిచి కూర్చోబెట్టి, ఇంటి నుంచి తెచ్చిన డబ్బా తీసి నాలుగు అరిసెలు పెట్టింది. చెప్పుల వరసని ఆయనకి అప్పగించింది. "ఎనభై దాటితే పీకెయ్ అన్నయ్యా. ఎవరన్నా అడిగితే పెద్దావిడ చెప్పిందను."

ఊరు చేరేసరికి భోగిమంట ఆరి, ఆ నిప్పుల మీద పెట్టిన నీళ్లు కూడా చల్లారిపోయాయి. బండికి పశువుల కొట్టంలోంచి వైరు లాగి, మోటారు సాకెట్లో తగిలించాం. నింపాదిగా, గంటకి మూడు యూనిట్ల చొప్పున తాగుతూ పడుకుంది. కనుమ నాడు పిల్లలు ఎడ్లకి పసుపు రాస్తూ దాని ముక్కుకి కూడా పూశారు.

ఆ రాత్రి పెరట్లో కలిసినవాళ్లంతా కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. పేరు 'కోదాడ కుళాయి'. ఆదివారం తిరుగు ప్రయాణం. పొద్దుట్నుంచీ అందులో పద్నాలుగు మెసేజులు. అన్నిటిలోనూ ఒకటే ప్రశ్న: పిన్నిగారు ఎన్నింటికి బయల్దేరుతున్నారు?

పిన్ని రైలు టికెట్టు తీసుకుంది.