పొద్దుటి టీ గ్లాసు గారికి విన్నపం

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగిళ్లలో తెల్లారకముందే పొయ్యెక్కే పాలటీ గారికి,

నమస్కారం. మీరు దిగితే తప్ప ఈ ఒడిశా సరిహద్దులో ఎవరికీ నోరు పెగలదని మాకు తెలుసు. ఫిర్యాదల్లా ఒకటే. పెద్దావిడ వేసుకునే థైరాయిడ్ బిళ్ళలో సగం పని మీరే చెడగొడుతున్నారు. పేరు మాత్రం ఆవిడకొస్తోంది, "అమ్మకి మతిమరుపు" అని.

గొంతు దగ్గర సీతాకోకచిలుకలా ఉండే థైరాయిడ్ గ్రంథి వదిలేది ఎక్కువగా టీ4 అనే హార్మోను. మెదడు దాన్ని తన దగ్గరే టీ3గా మార్చుకుని వాడుకుంటుంది. (మురిసిపోకండి, ఆ టీ వేరు.) ఆ హార్మోను తగ్గితే ఆలోచన ఆగదు గానీ నత్తనడకన పడుతుంది. చెప్పింది ఎక్కదు, ఎక్కింది వేళకి నోటికి రాదు. చిల్లర మూడుసార్లు లెక్కపెట్టినా తేలదు.

మన దగ్గర ఈ జబ్బు దాక్కోడానికి చోటెక్కువ. ఉప్పు అనబోయి ఒడియాలో 'లుణొ' అంటే సరిహద్దు అలవాటు. "అదే... ఆ డబ్బాలోది" అంటూ ఏ భాషలోనూ మాట దొరక్క చెయ్యి చూపిస్తే? దాన్నీ అలవాటు కిందే జమకడతాం. కోరాపుట్ కొండల్లో డిసెంబరులో శాలువా కప్పుకుంటే చలి. బరంపురంలో మే నెలలో ఫ్యాను ఆపమని గొడవపడుతూ, మలబద్ధకం, ఉబ్బిన ముఖం, బొంగురు గొంతు కూడా ఉంటే వయసు మీద నెట్టకూడదు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే ఇది పెరుగుతుంది), ఫ్రీ టీ4 చూపించాలి. పనిలో పనిగా బీ12, హిమోగ్లోబిన్ కూడా, అవి తగ్గినా మతి మసకేస్తుంది. 1949లోనే రిచర్డ్ ఆషర్ అనే లండన్ వైద్యుడు థైరాయిడ్ మందగించి మతి చలించిన 14 మంది గురించి రాశాడు. మందు పడ్డాక వాళ్లలో చాలామంది తేరుకున్నారు.

ఇక మీ నేరం. బిళ్ళ ఖాళీ కడుపున, ఉత్త నీళ్లతో దిగాలి. ఆపైన అరగంట నుంచి గంట దాకా ఏదీ పడకూడదు. మీరేమో పాలనీ రస్కునీ వెంటేసుకుని దాని వెనకే దిగుతారు, పేగు మందును సరిగా పీల్చుకోదు. 50 మైక్రోగ్రాముల మోతాదంటే గ్రాములో ఇరవై వేలో వంతు. మీ అడుగున మిగిలే పొడి రవ్వంత కూడా లేని దాంట్లో వాటా కొడతారా? టీఎస్‌హెచ్ దిగదు, డాక్టరు 50ని 75 చేస్తాడు. తర్వాత ఏ కోడలో మిమ్మల్ని గంట ఆపిందా, అదే 75 ఎక్కువై గుండెదడ. ఐరన్, కాల్షియం, గ్యాస్‌కి వేసుకునే యాంటాసిడ్లు మీకన్నా ఘనులు. వాటికి నాలుగు గంటల ఎడం కావాలి.

విడ్డూరమేమిటంటే, మరుపు పోగొట్టాల్సిన బిళ్ళని గుర్తుపెట్టుకుని వేసుకోవాలి! ఏడు అరల డబ్బా ఉంటే "వేసుకున్నానా?" అన్న ప్రశ్నకి ఖాళీ అరే జవాబు చెబుతుంది. స్టవ్ పక్క గూట్లో మాత్రం వద్దు, వేడికీ ఆవిరికీ మందు పాడవుతుంది. ఒంట్లో చేరిన మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి ఒక్కరోజు తప్పితే కొంప మునగదు. అందుకే మోతాదు మార్చాక 6 నుంచి 8 వారాలు ఆగి పరీక్ష చేయిస్తారు. మతి తేటపడటానికి ఇంకొన్ని నెలలు పట్టినా పట్టొచ్చు.

అన్నీ మీ మీదే రుద్దం లెండి. టీఎస్‌హెచ్ 10 లోపు ఉండి టీ4 బాగానే ఉన్న పెద్దవాళ్లకి, మందేసినా మరుపు తగ్గుతుందన్న భరోసా లేదు. అక్కడ కారణం వేరే వెతకాలి.

మిమ్మల్ని మానేస్తామనడం లేదు, గంట ఆలస్యంగా రండి చాలు. కుదరదంటారా, రాత్రి భోజనమయ్యాక మూడు గంటలాగి బిళ్ళ వేసుకునే పద్ధతి కూడా ఉంది. డాక్టరుకి చెప్పి అటు మారిపోతాం, పొద్దున్న మీ రాజ్యం మీదే.

ఇట్లు,
పొయ్యి దగ్గర గడియారం చూస్తూ నిలబడ్డవాళ్లు

నకలు: పడుకునే ముందు వచ్చే పాల గ్లాసు గారికి.