అరుపు బటన్ గారికి ఒక బహిరంగ లేఖ

షివల్రీ 2 అనే మధ్యయుగపు కత్తియుద్ధం ఆన్‌లైన్ గేమ్‌లో, కీబోర్డు మీద సీ అక్షరంలో కాపురముంటున్న శ్రీ అరుపు బటన్ గారికి నమస్కారాలు.

అయ్యా, అసలు మీ ఉద్యోగం ఏంటండీ? ఎడమ మౌస్ నొక్కితే కత్తి అడ్డంగా తిరుగుద్ది, కుడిది నొక్కితే దెబ్బ కాసుకోవచ్చు, ఆఖరికి తన్నే బటన్‌కి కూడా ఒక పనుంది, ఎంతసేపూ కాచుకుంటూనే నిలబడ్డోణ్ణి కదిలించుద్ది. మిమ్మల్ని నొక్కితే మాత్రం మనోడు నోరు తెరిచి అరుస్తాడు, అంతే. అరుపుకి డ్యామేజ్ లేదు, ఎదుటోడికి గీత కూడా పడదు. అయినా గేమ్ మొత్తంలో మీకున్నంత గిరాకీ ఏ కత్తికీ లేదు!

ఈ గేమ్ తీసిన టొరంటోలోని టోర్న్ బ్యానర్ కంపెనీ వాళ్ళు ఇంత కష్టపడి ఫైటింగ్ తయారుచేశారా, కత్తి ఎత్తాక మౌస్ ఎటు తిప్పుతామో దాన్నిబట్టి దెబ్బ ముందూ పడొచ్చు, అరక్షణం ఆలస్యంగానూ పడొచ్చు, ఈలోగా అవతలోడు తొందరపడి కాచుకుని బోర్లాపడతాడు. కొట్టినట్టు నటించి ఆగిపోవచ్చు, వచ్చే దెబ్బకి అదే రకం దెబ్బతో టైమింగ్ చూసి కౌంటర్ ఇవ్వొచ్చు. ఇద్దరే తలపడితే ఇదంతా చూడముచ్చటగా ఉంటది. 64 మంది ఒకే కోట గుమ్మంలో ఇరుక్కున్నప్పుడు ఏ విద్యా పనికిరాదు, వెనకున్న సొంత టీమోడే ఊపులో మన మెడ మీద గొడ్డలి వేస్తాడు (వేసి సారీ కూడా చెప్పడు, మిమ్మల్నే నొక్కుతాడు). చెయ్యి తెగిపడినా మిగిలిన చేత్తో కొడుతూ అరుస్తూ పరిగెత్తేవాడున్నాడు చూశారా, వాడి వల్లే ఈ గేమ్ బతికుంది. దూరంగా దాక్కుని బాణాలేసే ఆర్చర్ల గురించి మాత్రం నేను మాట్లాడను, నోరు పాడవుద్ది.

2012లో మొదటి షివల్రీ, 2021లో ఇది. మూడోది ఎవరు తీసినా, అసలు ఈ కత్తియుద్ధం జాతిలో ఏ గేమ్ వచ్చినా, మీ విషయంలో నాకో భయం ఉందండీ. ఎవడో తెలివైనోడు మీటింగులో కూర్చుని మీకు పని కల్పిస్తాడు, అరిస్తే పది శాతం బలం, మళ్ళీ అరవాలంటే ముప్పై సెకన్లు ఆగాలి, సింహగర్జన కావాలంటే డబ్బులు కట్టాలి అంటాడు. ఒప్పుకోకండి. పనికొచ్చిన మర్నాటి నుంచి మిమ్మల్ని లెక్కేసి నొక్కుతారు, సరదాకి ఒక్కడూ నొక్కడు.

మార్చాల్సినవి వేరే బోలెడున్నాయి కదా. పింగ్ (మన కంప్యూటర్‌కీ గేమ్ సర్వర్‌కీ మధ్య ఆలస్యం) ఎక్కువైతే కాచుకున్న దెబ్బ కూడా తగులుద్ది, ముందు అది చూడమనండి. మ్యాపులు (యుద్ధం జరిగే చోట్లు) కూడా కొత్తవి వెయ్యమనండి. మీ గేమ్‌లో కోడిని పట్టుకుని శత్రువు మొహాన విసరొచ్చు, చాలా గొప్ప ఆలోచన, కానీ 12వ శతాబ్దంలో కోడిపందెం దగ్గర రాజుకుని కారెంపూడి దాకా వెళ్ళిన పల్నాటి యుద్ధం మా దగ్గరుందండీ. మా నాగమ్మ గారి ముందు కోడిని ఉత్త విసిరే వస్తువంటే ఊరుకోరు. ఆ మ్యాప్ ఎవరైనా వేస్తే కత్తులు, ఈటెలు, కర్రసాము అన్నీ దానికి సరిపోతాయి, తెలుగులో అరవడానికి మాత్రం గొంతులు కొత్తగా రికార్డు చెయ్యాలి, అది మా ఊరోళ్ళు ఫ్రీగా చేసిపెడతారు.

ఇట్లు,
స్కోర్‌బోర్డు అడుగున పర్మినెంట్‌గా ఉండే ఒక ఫుట్‌మన్ (కాలిబంటు)