ఎంటర్‌ప్రైజ్ పారిపోలేదు మామయ్యా

డిసెంబరు వస్తే చాలు, మా వైజాగ్ వాళ్ల ఫోన్లలో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు ఆరుసార్లు వచ్చింది. టెన్త్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడుసార్లు, నిన్న పొద్దున్న ఏకంగా మా మేనమామ దగ్గర్నుంచి. పెద్దాయన పంపారు కదా, ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుందామనుకున్నాను. చివర్లో “దీన్ని కాదనే దమ్ము ఎవరికైనా ఉందా?” అని ఉంది. సరే, కాదంటున్నాను.

మెసేజ్ చదవని అదృష్టవంతుల కోసం సంగతి ఇదీ. 1971లో బంగ్లాదేశ్ కోసం పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్నప్పుడు మనల్ని నాశనం చేయడానికి తూర్పు నుంచి అమెరికా, పడమటి నుంచి బ్రిటన్ యుద్ధనౌకలు పంపాయట. అమెరికా విమాన వాహక నౌక ఎంటర్‌ప్రైజ్ వైజాగ్ మీద అణుబాంబు వేయడానికే బయల్దేరిందట. సరిగ్గా అప్పుడు రష్యా అణు జలాంతర్గాములు బుస్సుమంటూ నీళ్లలోంచి లేచేసరికి అమెరికన్లు తోక ముడిచి పారిపోయారట. ఢాకా పడింది అందుకేనట. ఇదంతా మన నుంచి దాచేశారట. కింద ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర ఫోటో.

ముందు ఆ ఫోటో తీసేయండి. కురుసుర డీజిల్ సబ్‌మెరైన్. టికెట్ కొని లోపలికి వెళ్లిన ప్రతివాళ్లూ ఆ గుండ్రటి ద్వారాల్లోంచి నడుం వంచి దూరుతూ, డీజిల్ ఇంజన్ల మధ్యనుంచే నడిచి ఉంటారు. మామయ్యా, నన్ను మొదటిసారి తీసుకెళ్లింది మీరే, రెండో ద్వారం దగ్గర తల కొట్టుకున్నదీ మీరే. అది సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది. యుద్ధమప్పుడు కాపలా కాసింది అరేబియా సముద్రంలో. దానికీ ఎంటర్‌ప్రైజ్‌కీ మధ్య దేశం మొత్తం అడ్డంగా ఉంది.

బ్రిటన్ సంగతి ఇంకా సింపుల్. ఆ ఏడాది వాళ్లు సింగపూర్‌లో దుకాణం కట్టేస్తున్నారు, పర్షియన్ గల్ఫ్ నుంచి మూటాముల్లె సర్దుకుంటున్నారు. ఆ నీళ్లలో వాళ్ల ఓడలు కనిపించాయంటే అందుకే. భద్రతా మండలిలో మనల్ని ఆపడానికి మూడుసార్లు తీర్మానాలు పెడితే మూడుసార్లూ బ్రిటన్ ఓటు వేయకుండా కూర్చుంది. మన మీదికి దండెత్తి వచ్చేవాడు చేసే పనేనా అది? డిసెంబరు 12న ఢాకాలో ఇరుక్కుపోయిన విదేశీయులను విమానాలెక్కించి బయటపడేసింది కూడా బ్రిటిష్ వైమానిక దళమే. మెసేజ్ రాసినాయనకు తెల్లోడు కనిపిస్తే విలనే, మనమేం చేస్తాం.

ఇక జలాంతర్గాములు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

సోవియట్ నౌకలు వచ్చాయి. అది అబద్ధం కాదు. వాటిలో అణు క్షిపణులున్న జలాంతర్గామి ఉందన్నదీ నిజమే. వ్లాదివొస్తోక్ నుంచి ఒక బృందం డిసెంబరు 6న, ఇంకోటి 13న బయల్దేరాయి. ఇప్పుడు మ్యాప్ తీయండి. జపాన్ పక్కనుంచి, దక్షిణ చైనా సముద్రం మీదుగా, మలక్కా సందు దాటి ఇటు రావాలి. కాస్త అటూ ఇటూగా 7,000 కిలోమీటర్లు. ఓడ గంటకు 28 కిలోమీటర్లు పోతుందనుకుంటే రోజుకు 670. పది రోజులకు పైమాటే. 13న బయల్దేరిన వాళ్లు నెల మూడోవారం దాటాక గానీ చేరరు. 6న బయల్దేరిన వాళ్లకు కూడా అమెరికన్ దళాన్ని వెంబడించడం కుదిరింది 18 నుంచే. తూర్పున పాక్ సైన్యాన్ని నడిపిన జనరల్ నియాజీ ఢాకా రేస్‌కోర్స్‌లో లొంగుబాటు సంతకం పెట్టింది 16 సాయంత్రం నాలుగున్నరకు. పశ్చిమ సరిహద్దులో కాల్పులు ఆగింది 17న. అంటే పెళ్లయిపోయి, విస్తళ్లు కూడా ఎత్తేశాక దిగిన బంధువుల వల్లే పెళ్లి జరిగిందని ఈ మెసేజ్ అంటోంది.

పోనీ అమెరికన్లు పారిపోయారా? ఎంటర్‌ప్రైజ్ వియత్నాం తీరం నుంచి కదిలి 15న బంగాళాఖాతంలోకి వచ్చింది. ఎనిమిది అణు రియాక్టర్లతో నడిచే 342 మీటర్ల ఓడ అది. తర్వాత శ్రీలంక కిందికి వెళ్లి, హిందూ మహాసముద్రంలోనే జనవరి దాకా తిరిగింది. వెనకాలే సోవియట్ ఓడలు జనవరి 7 దాకా నీడలా తిరిగాయి. అప్పట్లో ఇద్దరూ ప్రపంచమంతటా ఇదే పని చేసేవారు, ఒకడి వెనక ఇంకొకడు. మరి ఆ “చుట్టుముట్టాం, నీళ్లపైకి లేచి కనిపించాం” కథ ఎక్కడిది? సోవియట్ దళాన్ని నడిపిన అడ్మిరల్ క్రుగ్ల్యకోవ్ చాలా ఏళ్ల తర్వాత టీవీలో చెప్పుకున్నది. రిటైరైన మనిషి తన సర్వీసు గురించి చెప్పేటప్పుడు రెండు తాలింపు గింజలు ఎక్కువే వేస్తాడు. మా నాన్నగారు రైల్వేలో చేశారు, నాకు తెలుసు. తమాషా ఏంటంటే, అవతల అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సలహాదారు కిసింజర్ కూడా తాము ఒత్తిడి తేవడం వల్లే పశ్చిమ పాకిస్తాన్ బతికిందని చివరిదాకా చెప్పుకున్నాడు. ఒకరు మనల్ని గెలిపించారు, ఇంకొకరు మనల్ని ఆపారు. మధ్యలో మనవాళ్లు ఏం చేస్తున్నట్టు, పేకాడుతున్నారా?

ఈ మెసేజ్‌లో చెడ్డ ముక్క అదే. 9న మన జనరల్ సగత్ సింగ్ హెలికాప్టర్లతో సైన్యాన్ని మేఘనా నది దాటించాడు. 11న మన సైనికులు ఢాకాకు ఉత్తరాన ఉన్న టంగాయిల్‌లో పారాచూట్ల మీద దిగారు. వీటన్నిటికీ ముందు మార్చి నుంచీ బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన ముక్తి బాహిని వాళ్లు, అందులో చాలామంది కాలేజీ కుర్రాళ్లు, వంతెనలు పేలుస్తూ ప్రాణాలిచ్చారు. దేశభక్తి అని పేరుపెట్టి పంపుతున్న మెసేజ్‌లో వీళ్లెవరూ లేరు. ఉన్నదల్లా ఒక రష్యన్ జలాంతర్గామి. అదీ ఆలస్యంగా వచ్చినది.

సోవియట్ యూనియన్ మనకు నిజంగా చేసిన మేలు న్యూయార్క్‌లో జరిగింది. మూడు తీర్మానాలనూ వీటో చేసి మన సైన్యానికి రోజులు కొనిచ్చింది. జనరల్ అసెంబ్లీలో 104 దేశాలు వెంటనే కాల్పులు ఆపాలని ఓటేస్తే, వద్దన్నవి మనతో కలిపి పదకొండే. అందులో వాళ్లూ ఉన్నారు. ఆగస్టు 9న వాళ్లతో చేసుకున్న స్నేహ ఒప్పందం లేకపోతే చైనా హిమాలయాల్లో ఏం చేసేదో ఎవరు చెప్పగలరు? కానీ అదే మాస్కో మనల్ని తొందరపెట్టింది కూడా. డిసెంబరు 12న సోవియట్ విదేశాంగ ఉపమంత్రి కుజ్నెత్సోవ్ ఢిల్లీలో దిగాడు. త్వరగా ముగించండి, పశ్చిమ పాకిస్తాన్ జోలికి పోమని మాటివ్వండి. ఆయన పని అదీ. ఇందులో నీళ్లు పైకి చిమ్మవు కాబట్టి ఫార్వర్డ్ కాదు.

వైజాగ్ మీద అణుబాంబు మాట చూడగానే నవ్వొచ్చింది. ఒక వాక్యంలో కొట్టిపారేద్దామనుకున్నాను. ఎంటర్‌ప్రైజ్‌కు అలాంటి ఆదేశం లేదు. అసలు ఏం చేయాలో సరైన ఆదేశమే లేదని అమెరికన్ నేవీ అధిపతి జుమ్వాల్టే విసుక్కున్నాడు. కానీ ఇక్కడ నేను కాస్త తగ్గాలి. అణుబాంబు ప్రస్తావన ఆ వారంలో నిజంగా వచ్చింది. వైట్‌హౌస్ టేపుల్లో ఉంది.

జరిగిందేమిటంటే, 10న కిసింజర్ న్యూయార్క్‌లో చైనా రాయబారి హువాంగ్ హువాను రహస్యంగా కలిసి, మీరు భారత్ మీద కదిలితే మేం అడ్డురాం, ఎవర్నీ అడ్డు రానివ్వం అన్నట్టు చెప్పాడు. 12న పొద్దున చైనా వాళ్లు మళ్లీ కలుద్దామని కబురు పెట్టారు. అంతే, నిక్సన్, కిసింజర్‌లకు టెన్షన్ మొదలైంది. చైనా యుద్ధంలోకి దిగుతోందని వాళ్లు ఖాయం చేసుకున్నారు. చైనా దిగితే సోవియట్లు చైనా మీద పడతారు, అప్పుడు మనమేం చేయాలి? అణ్వాయుధాలు విసరడం మొదలుపెట్టాలా? ఈ మాట అడిగింది నిక్సనే. తీరా కబురు సంగతి తేలితే, చైనా మాట్లాడదామన్నది ఐక్యరాజ్యసమితిలో కాల్పుల విరమణ గురించి. ఒక మీటింగ్ అడిగితే ఇద్దరు పెద్దమనుషులు మూడో ప్రపంచ యుద్ధం దాకా వెళ్లొచ్చారు. ఆ ఆదివారం వైజాగ్‌లో జనం ఏ బ్లాకౌట్ చీకట్లోనో అన్నం తింటూ ఉండి ఉంటారు. కాబట్టి మామయ్యా, అణు భయం విషయంలో మీ మెసేజ్ పూర్తిగా తప్పు కాదు. లక్ష్యం మన ఊరు కాదు, ఆ మాట వచ్చింది ఓడలోనూ కాదు, వైట్‌హౌస్‌లో, అంతే తేడా.

“దాచేశారు” అన్నదానికి రెండు మాటలు చాలు. ఎంటర్‌ప్రైజ్ ఇంకా సముద్రంలో ఉండగానే జాక్ ఆండర్సన్ అనే జర్నలిస్టు వైట్‌హౌస్ రహస్య మీటింగుల కాగితాలు బయటపెట్టాడు. 1972లో ఆయనకు పులిట్జర్ అవార్డు కూడా ఇచ్చారు.

ఇంత రాశాక మా ఊరి విషయంలో నా గొప్ప కూడా తగ్గించుకోవాలి. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక అద్దాలు గడగడలాడాయని అమ్మమ్మ చెప్పేది. కిటికీలకు అంటించిన నల్ల కాగితం ఒక మూల ఊడిపోతే, వెలుగు బయటికి పోతుందని తాతయ్య లేచి అన్నం మెతుకులతో అంటించాడట. ఘాజీ మునిగింది ఆ రాత్రే. అమెరికా పాకిస్తాన్‌కు అద్దెకిచ్చిన పాత సబ్‌మెరైన్ అది, 93 మంది పోయారు. మన యుద్ధనౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకే, అంటే నీళ్లలో పేలే బాంబులకే మునిగిందని మన నేవీ చెబుతుంది. దాని మైన్లే దానికి తగిలాయని, లోపలే ఏదో పేలిందని అనేవాళ్లూ తక్కువేం కాదు. చిన్నప్పటి నుంచీ మొదటి కథే చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను.

ఫోటో పెట్టాలనే సరదా ఉంటే, బీచ్‌లో కురుసురకు ఎదురుగా ఉన్న సముద్రాన్ని తీసి పెట్టండి మామయ్యా. ఆ అమెరికా ఇనుము ఇంకా అక్కడే అడుగున ఉంది.