సవరణ: తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు

మన విజయనగరం సిరిమానోత్సవం వీడియో 6 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో సగానికి పైగా ఖాళీ ఉన్నా ఎక్కలేదని, అది నకిలీ సరుకేనని, షాపులో మార్చుకోమని మొన్న రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. మైక్రోసాఫ్ట్ వాళ్ల వివరణ చూశాక తెలిసింది. ఆ డ్రైవ్ ఫ్యాట్32 అనే పద్ధతిలో (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే ఒక తీరు) ఫార్మాట్ అయి ఉంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. చిన్న ఫైళ్లయితే చోటున్నంతవరకూ పడతాయి. తెర మీద వచ్చింది ‘ఫైలు మరీ పెద్దది’ అని. నేను ‘చోటు లేదు’ అని చదువుకున్నాను! 4 జీబీ దాటిన ఫైళ్లనూ తీసుకునే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి ఫార్మాట్ మార్చగానే అదే డ్రైవ్‌లోకి వీడియో మొత్తం ఎక్కేసింది. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి, ముందే వేరేచోట దాచుకోండి. మా పాత టీవీ మాత్రం ఎక్స్‌ఫ్యాట్‌ని గుర్తించలేదు. అమ్మ చూడాలంది కాబట్టి, దానికోసం వీడియోని రెండు ముక్కలు చేసి ఫ్యాట్32లో ఉన్న డ్రైవ్‌లో వేశాను.