సవరణ: ఇంటి పని కాంట్రాక్టు రద్దుకు ‘మూడు రోజులు’ ఎలా లెక్కించాలి

అమెరికాలో ఇంటికొచ్చి రూఫింగ్, కిటికీల పని అమ్మిన కాంట్రాక్టును మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చని, ఫోన్ చేస్తే చాలని ముందటి పోస్టులో ఉంది. ఈ రెండూ సరిచేయాలి.

వినియోగదారుల రక్షణ చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం గడువు మూడో పనిదినం అర్ధరాత్రి దాకా. శనివారం లెక్కలోకి వస్తుంది. ఆదివారం, ఫెడరల్ సెలవులు రావు. శుక్రవారం సంతకం పెడితే గడువు మంగళవారం అర్ధరాత్రి. మధ్యలో సోమవారం లేబర్ డే పడితే బుధవారం.

ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు, చాలామంది నష్టపోయేది ఇక్కడే. సేల్స్‌మన్ కాంట్రాక్టు కాపీతో పాటు రద్దు ఫారాలు రెండు ఇవ్వాలి. ఒకదానిపై సంతకం, తేదీ వేసి సర్టిఫైడ్ మెయిల్‌లో (పంపినట్టు రుజువు ఇచ్చే పోస్టు) పంపండి, అవతలివాళ్లకు అందినట్టు తెలిపే రిటర్న్ రసీదు అడగండి. కవరు మీద పోస్టల్ ముద్ర గడువు లోపల పడాలి. రెండో ఫారం మీ దగ్గరుంచుకోండి. ఫారం ఇవ్వకపోతే తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది.

కారణం చెప్పక్కర్లేదు. అమ్మినవాళ్లు 10 పనిదినాల్లో డబ్బంతా వెనక్కివ్వాలి. దించిన సామాను వాడకుండా, వచ్చినప్పటి స్థితిలోనే ఉంచండి.

పూర్తిగా ఆన్‌లైన్‌లోనో, వాళ్ల షోరూమ్‌లోనో కుదిరిన ఒప్పందానికి ఈ హక్కు లేదు. రాష్ట్ర చట్టం ఇంకా ఎక్కువ ఇస్తుందేమో అటార్నీ జనరల్ వెబ్‌సైట్‌లో చూడండి.